ఆ చింపాంజీ నవ్వడం లేదు

(మూగజీవాల బాగోగుల గురించి మన అభిప్రాయాలను మీడియా ఎలా మలుస్తుందన్న అంశంపై చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం.

మీ ప్రసంగంలో వీడియోలు ఏమైనా ఉన్నాయా అని నిర్వాహకులు నన్ను రెండుసార్లు అడిగారు. లేవన్నాను. జంతువుల గురించి గంటసేపు మాట్లాడి ఒక్క బొమ్మ కూడా చూపించకపోతే జనం కునుకు తీస్తారేమోనని వాళ్ల టెన్షన్. తీస్తే తీయండి, నాకేం అభ్యంతరం లేదు. (నవ్వులు) కాకపోతే చూపించకపోవడానికి నా దగ్గర ఒక కారణం ఉంది. అక్కడి నుంచే మొదలుపెడతాను.

2009లో యూట్యూబ్‌లోకి ఒక వీడియో వచ్చింది. మీలో కొందరు చూసే ఉంటారు. అందులో స్లో లోరిస్ అనే చిన్న జంతువు ఉంటుంది. దేవాంగపిల్లికి దగ్గరి చుట్టం. గుండ్రటి పెద్ద కళ్లు, బొమ్మలాంటి ముఖం. ఎవరో చంకల్లో చక్కిలిగింతలు పెడుతుంటే రెండు చేతులూ పైకెత్తి కదలకుండా ఉండిపోతుంది. చూసేవాళ్లకి 'ఇంకా పెట్టు, ఇంకా పెట్టు' అంటున్నట్టే ఉంటుంది. లక్షల మంది చూశారు, మురిసిపోయారు, తెలిసినవాళ్లందరికీ పంపారు.

ఇప్పుడు లోరిస్ వైపు నుంచి చూద్దాం. దాని మోచేతికి దగ్గర్లో, లోపలి వైపు, ఒక గ్రంథి ఉంటుంది. ప్రమాదం ముంచుకొచ్చిందని అనిపించినప్పుడు చేతులు తల మీదికి ఎత్తి ఆ గ్రంథిని నోటికి అందేలా పెట్టుకుంటుంది. అక్కడ ఊరే జిడ్డు లాలాజలంతో కలిస్తే విషమవుతుంది. కోతులు, వానరాలు, మనుషులు అందరూ ఉన్న ప్రైమేట్ల కుటుంబంలో విషం ఉన్నది లోరిస్‌లకే. మనం ముద్దొచ్చేస్తోందని చూసిన ఆ భంగిమ, ఒక చిన్న ప్రాణి కత్తి దూసిన భంగిమ. పైగా అది రాత్రి తిరిగే జంతువు. ఆ కళ్లకు దీపాల వెలుతురే ఒక శిక్ష. పెంపుడు జంతువుగా అమ్మేవాళ్లు కరవకుండా ముందే దాని పళ్లు కత్తిరించేస్తారు. అడవి నుంచి పట్టి దేశాలు దాటించి అమ్మడం ఆపాలని 2007లోనే, అడవి జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపుచేసే సైటిస్ ఒప్పందంలోని మొదటి జాబితాలో దాన్ని చేర్చారు. వీడియో వచ్చింది ఆ తర్వాత రెండేళ్లకి.

ఆ వీడియో కింద జనం రాసిన 12 వేలకు పైగా కామెంట్లను పరిశోధకులు చదివి 2013లో ఒక అధ్యయనం వేశారు. అన్నిటికన్నా నన్ను పట్టుకున్నది ఒక చిన్న కోరిక. 'నాకూ ఇలాంటిది ఒకటి కావాలి.' రాసినవాళ్లలో దుర్మార్గులెవరూ లేరు. జంతువులంటే ఇష్టం ఉన్నవాళ్లే. ఆ ఇష్టమే లోరిస్‌కి గిరాకీ.

అందుకే వీడియో చూపించను. నేను తప్పుపడుతూ చూపించినా ఒక వ్యూ పెరుగుతుంది. మీలో ఒకరికైనా ముద్దొస్తుంది కూడా. రాకుండా ఉండడం కష్టం, నాకూ వచ్చింది.

మీడియా, జంతువులు అనగానే మనకి రక్తం గుర్తొస్తుంది. కబేళా దృశ్యాలు, కొరడా దెబ్బలు. అవి చూస్తే ఒళ్లు జలదరిస్తుంది, కానీ జాగ్రత్తగా కూడా ఉంటాం. ఎవరు తీశారు, నిజమేనా అని అడుగుతాం. ముద్దొచ్చే బొమ్మ ముందు ఆ కాపలా ఉండదు. నా అనుభవంలో రక్తం కారే బొమ్మ కన్నా నవ్వే బొమ్మ ఎక్కువ నష్టం చేసింది.

నవ్వే బొమ్మ అంటే అక్షరాలా నవ్వే బొమ్మే. ప్రకటనల్లో, సినిమాల్లో, గ్రీటింగ్ కార్డుల మీద కోటు తొడుక్కుని పళ్లన్నీ బయటపెట్టిన చింపాంజీలను చూసే ఉంటారు. పళ్లికిలించడం అనే మాట మనకుంది. మనిషి ఇకిలిస్తే వెకిలి నవ్వు. చింపాంజీ అలా పళ్లు బయటపెడితే చాలాసార్లు దానికి భయంగా ఉందని అర్థం. అది భయపడుతున్న క్షణాన్ని ఫోటో తీసి, కింద ఒక జోకు రాసి, మనం నవ్వుకుంటున్నాం.

దీని ఫలితం ఏమిటో అమెరికాలో కొలిచి చూశారు. 2011లో వచ్చిన ఒక ప్రయోగంలో కొందరికి చింపాంజీలతో తీసిన వాణిజ్య ప్రకటనలు చూపించారు, కొందరికి వాటిని కాపాడాలని చెప్పే దృశ్యాలు చూపించారు. తర్వాత, చింపాంజీని ఇంట్లో పెంచుకునే హక్కు మనిషికి ఉండాలా అని అడిగారు. రెండో గుంపులో ఉండాలన్నవాళ్లు పదో వంతు. ప్రకటనలు చూసినవాళ్లలో మూడో వంతు పైనే. వాటి సంరక్షణకు డబ్బు ఇచ్చే అవకాశం ఇస్తే తక్కువ ఇచ్చింది కూడా వీళ్లే. అదే ఏడాది మరో అధ్యయనంలో చింపాంజీ ఫోటోలో పక్కన ఒక మనిషిని నిలబెట్టారు, అంతే. ఆ మనిషి ఉన్న ఫోటో చూసినవాళ్లు అడవిలో చింపాంజీల సంఖ్యకేం ఢోకా లేదని ఎక్కువగా అనుకున్నారు. నిజానికి అది అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న జంతువు. రోజూ టీవీలో కనబడేది కరువైపోతోందంటే నమ్మడం ఎవరికైనా కష్టమే కదా.

ఈ మధ్య ఇంకో రకం వీడియోలు వచ్చాయి. కొండచిలువ చుట్టుకున్న కుక్కపిల్ల, సరిగ్గా సమయానికి అక్కడికి చేరుకున్న ఓ దయామయుడు, వెనక నేపథ్య సంగీతం. రెండు మూడు సార్లు చూస్తే అనుమానం వస్తుంది. పాము రాకముందే కెమెరా అక్కడికి ఎలా వచ్చింది? కుక్కపిల్లను పాము ముందు పెట్టింది ఎవరు? కాపాడినవాడే పెట్టాడు. ఇలా కావాలని ప్రమాదంలోకి నెట్టి తీసే 'రక్షణ' వీడియోలను నిషేధిస్తున్నట్టు యూట్యూబ్ 2021లో ప్రకటించింది. ప్రకటించినంత మాత్రాన పోలేదు.

ఇదేదో ఫోన్లు వచ్చాక పుట్టిన జబ్బు అనుకోకండి. లెమ్మింగులనే చిన్న ఎలుకల్లాంటి జంతువులు గుంపులుగా కొండ మీది నుంచి దూకి ఆత్మహత్య చేసుకుంటాయని మీరు ఎక్కడో విని ఉంటారు. దూకవు. 1958లో డిస్నీ సంస్థ తీసిన 'వైట్ వైల్డర్‌నెస్' అనే డాక్యుమెంటరీలో అవి దూకుతున్నట్టు చూపించారు. లెమ్మింగులే లేని ప్రాంతానికి వాటిని కొని తెచ్చి, తిరిగే బల్ల మీద పరుగెత్తించి, ఒడ్డు మీది నుంచి కిందికి తోశారని 1982లో కెనడా ప్రభుత్వ టీవీ సీబీసీ బయటపెట్టింది. అప్పటికే దానికి ఆస్కార్ వచ్చింది. ఇవాళ్టికీ గుడ్డిగా గుంపు వెంట పోయేవాళ్లను లెమ్మింగులనే తిడుతున్నారు. వాటికి నోరుంటే పరువు నష్టం దావా వేసేవి. (నవ్వులు)

బొమ్మల సంగతి ఇలా ఉంటే మాటల సంగతి నాకు బాగా తెలుసు. ఎందుకంటే ఆ పాపంలో నాకూ వాటా ఉంది. చాలా ఏళ్లు పత్రిక డెస్కులో కూర్చున్నాను. 'స్వైరవిహారం' అనే మాట ఎన్నిసార్లు శీర్షికలో పెట్టానో లెక్కలేదు. కుక్కలు వీధిలో తిరిగితే స్వైరవిహారం. ఏనుగు తోటలో పడితే బీభత్సం. చిరుత కనబడితే జనావాసాల్లోకి చొరబాటు. చొరబడింది అని రాశామంటే ఆ చోటు ఎవరిదో ముందే తీర్పు ఇచ్చేశామన్నమాట. అడవిలోకి మనం రోడ్డు వేసినప్పుడు మాత్రం అది రహదారి విస్తరణ. అక్కడ చొరబాటు అనే మాట ఎవరి కలానికీ తట్టదు. రాత్రి పదకొండుకి పేజీ పంపాలి, మూడు మాటల్లో శీర్షిక రావాలి, స్వైరవిహారం చక్కగా సరిపోతుంది. అంతకుమించి ఏ కుట్రా లేదు.

ఇలా అంటున్నానని కుక్క కరిచిన పిల్లాడి తల్లిదండ్రులకి భాషా పాఠాలు చెప్పమనడం లేదు. ఆ బాధ నిజం, ఆ వార్త రాయాల్సిందే. కానీ అదే వార్తలో టీకాలు వేశారా, కుక్కల సంతాన నియంత్రణ ఆపరేషన్లు ఎందుకు ఆగాయి, చెత్త ఎవరు ఎత్తాలి అన్నవి కూడా ఉండాలి. స్వైరవిహారం అని రాయగానే తప్పంతా కుక్కదైపోతుంది. జవాబు చెప్పాల్సిన మనిషి వార్తలోంచి మాయమవుతాడు.

ఇంకో తమాషా ఉంది. మనిషి పోతే మృతదేహం, జంతువు పోతే కళేబరం. మామూలుగా జంతువు 'చచ్చింది' అంటాం. అదే పేరున్న జంతువు పోతే 'కన్నుమూసింది' అని రాస్తాం. నేనూ అలాగే రాశాను. పేరు పెట్టగానే క్రియ మారిపోతుంది.

పేరు ఎంత పని చేస్తుందో లైకాను చూస్తే తెలుస్తుంది. 1957 నవంబర్ 3న సోవియట్ యూనియన్ స్పుత్నిక్-2లో పంపిన కుక్క. దాన్ని తిరిగి కిందికి తెచ్చే ఏర్పాటే లేదు. పేరు, ముఖం ప్రపంచమంతా పత్రికల్లో వచ్చాయి. బ్రిటన్‌లో కుక్కల సంరక్షణ సంఘం ఒకటి దాని కోసం రోజూ ఒక నిమిషం మౌనం పాటించమని పిలుపునిచ్చింది. స్టాంపుల మీద వేశారు. అంతరిక్షంలో కొన్ని రోజులు బతికిందని దశాబ్దాలపాటు లోకం నమ్మింది. ఎక్కిన కొన్ని గంటల్లోనే వేడికి, ఒత్తిడికి తట్టుకోలేక పోయిందన్న సంగతి 2002లో గానీ బయటికి రాలేదు. 45 ఏళ్లు. అంతగా ప్రేమించిన కుక్క ఎలా పోయిందో మాత్రం వార్త కాలేదు.

ఇక కోపం తెప్పించే బొమ్మ దగ్గరికి వస్తాను. అది పనిచేయదా అంటే, చేస్తుంది. ఒక్కోసారి అద్భుతంగా చేస్తుంది. ఎంతవరకు అన్నదే నా ప్రశ్న.

1965లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో పెప్పర్ అనే డాల్మేషన్ కుక్క తప్పిపోయింది. చేతులు మారి మారి చివరికి న్యూయార్క్‌లో ఒక ఆసుపత్రి ప్రయోగశాలలో తేలింది. ఇంటివాళ్లు వెతుక్కుంటూ ఉండగానే ప్రయోగంలో చనిపోయింది. ఆ కథ నవంబర్‌లో 'స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్'లో వచ్చింది, అంటే ఆటల పత్రికలో! తర్వాత 1966 ఫిబ్రవరి 4న 'లైఫ్' పత్రిక కుక్కల వ్యాపారుల దొడ్లలో తీసిన ఫోటోలు వేసింది. ఎముకల గూళ్లలా ఉన్న కుక్కలు. చట్టసభ సభ్యులకు ఉత్తరాలు వెల్లువెత్తాయి. ఆగస్టు 24న అధ్యక్షుడు జాన్సన్ ప్రయోగశాల జంతువుల సంక్షేమ చట్టంపై సంతకం చేశాడు. ఫోటోల నుంచి సంతకానికి ఏడు నెలలు కూడా పట్టలేదు.

అందరూ ఈ కథను ఇక్కడ ఆపి చప్పట్లు కొడతారు. నేను ఇంకో రెండు మాటలు చెప్తాను. మొదటిది, ఆ బిల్లు అప్పటికప్పుడు పుట్టింది కాదు. పెప్పర్ పోయిన కొత్తలోనే, 1965 జూలైలో, జోసెఫ్ రెస్నిక్ అనే సభ్యుడు బిల్లు పెట్టాడు. ఫోటోలు వచ్చేనాటికి కాగితం సిద్ధంగా ఉంది. జనం కోపానికి వెళ్లడానికి ఒక చిరునామా ఉంది.

రెండోది, ఆ చట్టంలో ఏ జంతువులు ఉన్నాయి? కుక్కలు, పిల్లులు, కోతులు, కుందేళ్లు, గినీ పందులు, హామ్‌స్టర్లు. ఎలుకలు, చుంచులు లేవు. ప్రయోగశాలల్లో అన్నిటికన్నా ఎక్కువగా వాడేది వాటినే. 2002లో చట్టాన్ని సవరించినప్పుడు, ప్రయోగాల కోసం పెంచిన ఎలుకలు, చుంచులు, పక్షులు దీని కిందికి రావని ఏకంగా రాసిపెట్టారు. 'లైఫ్' ఫోటోల్లో ఎలుక లేదు. పత్రిక చదివినవాళ్లకి తమ ఇంటి కుక్క రేపు పెప్పర్ అవుతుందేమోనన్న భయం ఉంది. చుంచు గురించి ఎవరికుంటుంది ఆ భయం? చట్టం సరిగ్గా ఫోటో అంచు దాకా వచ్చి ఆగింది.

ఇంకా వేగంగా జరిగింది ఒకటి చెప్తాను. 2011 మే 30న ఆస్ట్రేలియా ప్రభుత్వ టీవీలో 'ఫోర్ కార్నర్స్' అనే కార్యక్రమం వచ్చింది. ఆస్ట్రేలియా నుంచి ఇండోనేషియాకు ఓడల్లో పంపిన పశువులను అక్కడి కబేళాల్లో ఎంత హింసపెట్టి చంపుతున్నారో చూపించారు. దేశం అట్టుడికింది. ఎనిమిది తొమ్మిది రోజుల్లో ప్రభుత్వం ఎగుమతులు ఆపేసింది. ఉత్తర ఆస్ట్రేలియాలో ఓడలెక్కాల్సిన పశువులు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి, వాటిని పెంచిన కుటుంబాలు అప్పుల్లో పడ్డాయి. ఆరు నెలలన్న నిషేధాన్ని నెల రోజుల్లో ఎత్తేశారు. 2020లో ఫెడరల్ కోర్టు ఆనాటి మంత్రి ఉత్తర్వు చెల్లదని తీర్పు ఇచ్చింది.

మరి అదంతా వృథాయేనా? కాదు. నిషేధం ఎత్తేసేటప్పుడు ఒక నియమం పెట్టారు. పశువును ఎగుమతి చేసినవాడు అది కబేళాలో చనిపోయేదాకా ఎక్కడుందో, ఎలా ఉందో చూసుకోవాలి, లెక్క చూపాలి. చదివితే ఆవలింతలు వచ్చే నియమం అది. టీవీలో చూపించడానికి అందులో ఏమీ ఉండదు. ఆ గొడవలోంచి గట్టిగా మిగిలింది మాత్రం అదే.

దీనికి పూర్తిగా ఎదురు కథ రూత్ హారిసన్‌ది. బ్రిటన్‌లో 1964లో ఆవిడ పారిశ్రామిక పశుపోషణ మీద 'యానిమల్ మెషీన్స్' అనే పుస్తకం రాసింది. రెక్క చాచడానికి చోటు లేని తీగల బోనుల్లో కోళ్లను ఎలా పెంచుతున్నారో వివరంగా రాసింది. పత్రికలు అందుకున్నాయి, జనం గగ్గోలు పెట్టారు. ప్రభుత్వం బ్రాంబెల్ అనే ప్రొఫెసర్ అధ్యక్షతన కమిటీ వేసింది. 1965లో ఆ కమిటీ అడిగింది ఎంత చిన్న కోరికో చూడండి: జంతువుకి లేచి నిలబడే, పడుకునే, చుట్టూ తిరిగే, ఒళ్లు శుభ్రం చేసుకునే, కాళ్లూ రెక్కలూ చాచుకునే వీలుండాలి. ఇవాళ పశుసంక్షేమంలో అందరూ చెప్పే 'ఐదు స్వేచ్ఛలు' అక్కడి నుంచే వచ్చాయి. అలాంటి బోనులను యూరోపియన్ యూనియన్ పూర్తిగా నిషేధించింది 2012 నుంచి. పుస్తకం వచ్చిన 48 ఏళ్లకి. ఎనిమిది రోజులు ఎక్కడ, 48 ఏళ్లు ఎక్కడ! అయినా నిలబడింది ఇదే.

బొమ్మంటే భయం లేకపోతే దాన్ని ఆపడానికి చట్టాలు ఎందుకు చేస్తారు? అమెరికాలో అయోవా, యూటా రాష్ట్రాలు 2012లో అదే పని చేశాయి. ఉద్దేశం దాచి పశుశాలల్లో ఉద్యోగానికి చేరి రహస్యంగా చిత్రీకరించేవాళ్లను శిక్షించే చట్టాలవి. యూటా చట్టాన్ని 2017లో కోర్టు కొట్టేసింది. లోపల జరిగేది మార్చుకోవడం కన్నా కెమెరాను ఆపడం తేలికనుకున్నారు. నాకైతే దొంగచాటు చిత్రీకరణ మీద పూర్తి ప్రేమేం లేదు. ఎడిటింగ్‌లో ఎంత మాయ చేయొచ్చో తెలిసినవాణ్ని. కానీ ముందు గుమ్మంలోంచి ఎవరినీ రానివ్వనప్పుడు కిటికీలోంచి చూసేవాణ్ని దొంగ అనడం నాకు నచ్చదు.

ముఖం కనబడని జంతువుల మాటేమిటి? తిమింగలం అలాంటిదే. దాని కళ్లలోకి చూసినవాళ్లు ఎంతమంది? దానికి గొంతు దొరికింది. రోజర్ పేన్ అనే శాస్త్రవేత్త 1970లో హంప్‌బ్యాక్ తిమింగలాల పాటలను గ్రామఫోను రికార్డుగా తెచ్చాడు. 1979 జనవరిలో 'నేషనల్ జియోగ్రాఫిక్' పత్రిక ఆ పాటలున్న పల్చటి రికార్డును కోటికి పైగా కాపీలతో పాఠకులకు పంపింది. నూనె డబ్బాగా చూసిన జంతువును జనం పాటగాడిగా విన్నారు. 1982లో వాణిజ్యపరమైన తిమింగలాల వేటను ఆపాలని అంతర్జాతీయ కమిషన్ ఓటు వేసింది. పాట వల్లే వేశారని అనను. శాస్త్రవేత్తల లెక్కలున్నాయి, ఉద్యమాలున్నాయి. కానీ ఆ పాట లేకుండా ఆ ఊపు వచ్చేది కాదనుకుంటాను.

కోడికి అలాంటి పాట లేదు. ఏటా ప్రపంచంలో 7 వేల కోట్లకు పైగా కోళ్లను తిండి కోసం చంపుతున్నారు. ఆ అంకె చెప్పినప్పుడు మీ ముఖాల్లో ఏమీ కదల్లేదు, గమనించాను. తప్పు మీది కాదు. పెప్పర్ పేరు చెప్పినప్పుడు ముందు వరసలో ఒకావిడ 'అయ్యో' అన్నారు. చేపలనైతే చాలాచోట్ల సంఖ్యలో కూడా లెక్కపెట్టరు, టన్నుల్లో తూస్తారు.

మీడియాని ఇంతసేపు తిట్టాను కాబట్టి మీడియా మీద వచ్చే వార్తలను కూడా కాస్త అనుమానించమని చెప్పాలి. ఒక చిన్న చేప కథతో తీసిన బొమ్మల సినిమా 'ఫైండింగ్ నీమో' వచ్చాక జనం ఎగబడి అలాంటి చేపలు కొన్నారని, సముద్రంలో అవి కరువైపోయాయని చాలాసార్లు చదివి ఉంటారు. దాని తర్వాతి సినిమా 'ఫైండింగ్ డోరీ' మీద 2019లో వచ్చిన అధ్యయనం డోరీ జాతి చేప గురించి ఇంటర్నెట్‌లో వెతికినవాళ్లు పెరిగారంది గానీ, దిగుమతులు పెరిగినట్టు ఆధారం దొరకలేదంది. కుక్కల విషయంలో మాత్రం కథ వేరు. అమెరికాలో కుక్కలున్న 87 సినిమాలను తీసుకుని, ఆయా జాతుల రిజిస్ట్రేషన్లతో పోల్చి 2014లో ఒక అధ్యయనం వేశారు. సినిమా ప్రభావం కొన్నిసార్లు పదేళ్ల దాకా ఉందని తేలింది. సినిమా రెండు గంటలే. కొన్న కుక్క పన్నెండేళ్లు బతుకుతుంది.

నా సమయం అయిపోయింది. ప్రశ్నలుంటే అడగండి.

(ప్రశ్న: జంతువును హింసిస్తున్న వీడియో కనబడితే ఖండిస్తూ షేర్ చేయడం తప్పా?)

మీ కోపం తప్పు కాదమ్మా. కానీ ఏ వీడియో ఎవరికి చూపించాలో తేల్చే యంత్రానికి ఆ కోపం తెలియదు. మీరు 'ఛీ' అని రాసినా 'వావ్' అని రాసినా దానికి అది ఒక కామెంటే. ఇంకో నలుగురికి చూపిస్తుంది. తీసినవాడికి కావాల్సిందీ అదే. కామెంట్ పెట్టకండి, షేర్ చేయకండి. లింకు దాచుకుని, అక్కడే రిపోర్ట్ చేసి, పోలీసులకో జంతు సంక్షేమ సంఘానికో పంపండి. అది జరిగిన చోటు మీకు తెలిస్తే ఆ ఒక్క వివరమే వెయ్యి షేర్ల కన్నా ఎక్కువ పనికొస్తుంది.

(ప్రశ్న: మరి మా ఇంట్లో పిల్లి వీడియోలు పెట్టుకోవచ్చా?)

(నవ్వులు) పెట్టుకోండి బాబూ, నేనూ చూస్తాను. ఒక్కటే. చెవులు వెనక్కి వాల్చి, తోక నేలకేసి కొడుతుంటే అది ఆడుకోవడం లేదు. అప్పుడు ఫోను పక్కన పెట్టి, పిల్లిని వదిలేయండి.